ఈల వినపడని కుక్కలు

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయాలంటారు. అలాగైతే నావల్ల కాదు. ఆయన పోయారని వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందొచ్చింది ఏడుపు కాదు, కోపం. ఏలూరులో మా ఆసుపత్రి వార్డు మధ్యలో, చేతిలో సెలైన్ సీసా పట్టుకుని, "ఎంత పని చేశారండీ బాబాయి గారూ!" అని పైకే అనేశాను. పక్క కుర్చీలో మందు ఎక్కించుకుంటున్న పెద్దావిడ ఉలిక్కిపడింది. తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను, అది వేరే సంగతి.

ఆయన పేరు రాయను. రాస్తే ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ప్రతివాళ్ళూ గుర్తుపట్టేస్తారు. ఆయనకి సిగ్గు ఎక్కువ. ఆ సిగ్గే కొంప ముంచింది కూడా.

నేను క్యాన్సర్ మందులు ఎక్కించే వార్డులో నర్సుని. రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో ఏలూరు వస్తాను, సాయంత్రం మళ్ళీ వెళ్ళిపోతాను. మా వార్డులో మంచాలుండవు, వెనక్కి వాలే పెద్ద కుర్చీలుంటాయి. పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి పోవడమే. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు వార్డు బయట విప్పేసి, ఆ కుర్చీ అంచు మీద, ఎవరో లేవమంటారేమో అన్నట్టు కూర్చున్నారు.

"వెనక్కి వాలండి బాబాయి గారూ" అన్నాను.

"పర్లేదమ్మా. ఇలాగే అలవాటండి."

నరం చూద్దామని చొక్కా చెయ్యి పైకి మడిచాను. చూద్దును కదా, మణికట్టు నుంచి మోచేతి దాకా బాల్ పెన్నుతో అంకెలు! వరసలు వరసలుగా, మధ్యలో గీతలు కొట్టి మరీ రాసుకున్నారు. స్పిరిట్ దూదితో తుడవబోయాను. చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు.

"ఆగండాగండి సిస్టర్ గారూ. అవి మూడో చెరువువి."

"ఏవండీ?"

"పొద్దున మేత ఎంతేశాం, చెక్ ట్రేలో ఎంత మిగిలింది అన్నదండి. చెరిపేస్తే సాయంత్రం మేత ఎంతెయ్యాలో తెలీదు మరి."

"మీ ఊళ్ళో కాగితాలు దొరకవా అండీ?"

"కాగితం నీళ్ళలో పడిపోద్దండి. చెయ్యి పడిపోదు కదా."

నరం ఎడమచేతికే బాగుంది. కుడిచెయ్యి ముందుకు పెట్టమని, ఎడమచేతి మీది అంకెలన్నీ నేనే కూర్చుని కుడిచేతి మీదకి ఎక్కించాను. అప్పుడే డాక్టరు గారు వచ్చి, నర్సు పేషెంటు చేతి మీద పెన్నుతో రాస్తుంటే చూసి, గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ రోజు నుంచి ఆయన వచ్చే రోజున నా జేబులో రెండు పెన్నులుండేవి.

చెక్ ట్రే అంటే ఏమిటో ఆయనే చెప్పారు. చెరువులో మేత వేసినప్పుడు, చిన్న వల పళ్ళెంలో కూడా కాస్త మేత పెట్టి నీళ్ళలోకి దించుతారట. కాసేపాగి పైకి లాగి చూస్తే రొయ్య తింటోందో లేదో తెలిసిపోతుంది. తింటోందనరు వాళ్ళు, తీసుకుంటోందంటారు. మందు ఎక్కుతున్నంతసేపూ ఆయన కళ్ళు ఆ చుక్క పడే గొట్టం మీదే ఉండేవి. మధ్యమధ్యలో నాతో, "తీసుకుంటోందండి, ఒళ్ళు బాగానే తీసుకుంటోంది" అనేవారు. వాడి పారేసిన స్పిరిట్ దూదిని రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూసేవారు. చెరువు అడుగు మట్టిని అలా చూడడం అలవాటట. ఛీ పారెయ్యండి అంటే పారేసేవారు, మళ్ళీసారి మళ్ళీ మామూలే.

ఆయనకి ఊపిరితిత్తిలో గడ్డ. కోతకి లొంగే దశ దాటిపోయాక వచ్చారు. మా డాక్టరు గారు నాకన్నా వయసులో చిన్నవాడు, ఓపిక మాత్రం నాకన్నా ఎక్కువే. మొదటి డోసు రోజున ఎదురుగా నిలబడి వివరంగా చెప్పారు.

"ఇది మామూలు కీమో కాదండీ. మీ ఒంట్లో జబ్బుల మీద దాడి చేసే కణాలుంటాయి, టీ కణాలంటాం. వాటి పైన రిసెప్టర్లుంటాయి, అంటే కబురందుకునే గ్రాహకాలు. కొన్నిటికి కబురందితే కణం లేచి దాడి చేస్తుంది. కొన్నిటికి అందితే ఆగిపోతుంది. ఆపే గ్రాహకాల్లో ఒకదాని పేరు పీడీ వన్. మీ గడ్డ ఏం చేస్తోందంటే, ఆ ఆపే కబురు తనే పంపిస్తోంది. టీ కణం గడ్డ దాకా వెళ్తోంది, ఆగమని కబురందుతోంది, ఊరుకుంటోంది. ఈ మందు వెళ్ళి ఆ గ్రాహకానికి అడ్డం కూర్చుంటుంది. ఇంక ఆ కబురు అందదు."

ఆయన చాలాసేపు గొట్టంకేసి చూస్తూ కూర్చున్నారు. అర్థం కాలేదేమో, మళ్ళీ చెబుదామని డాక్టరు గారు నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు.

"మా గట్టు మీద నాలుగు కుక్కలున్నాయండి. కొత్తవాడు గట్టెక్కితే చీరేస్తాయి. నేను ఈల వేస్తే పడుకుంటాయి. ఇప్పుడు దొంగెవడో నా ఈల నేర్చేసుకున్నాడు. అంతేనాండి?"

"సరిగ్గా అంతేనండీ."

"ఈ మందు కుక్కల చెవుల్లో దూది పెట్టేస్తది."

"అవునండీ" అన్నారు డాక్టరు గారు సంబరంగా.

"మరి నేను గట్టెక్కితేనోండి? ఈల వేస్తాను. వాటికి వినపడదు. నన్ను కరవవా?"

ఈ మందు నేను చాలామందికి ఎక్కించాను. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసినవాళ్ళు. జుట్టు ఊడుతుందా అని అడిగారు, పెరుగు తినొచ్చా అని అడిగారు. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పేషెంటు ముందు ఆయన కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

"కరవచ్చండీ. అసలు ఆ ఆపే గ్రాహకాలు ఉన్నది అందుకే. జబ్బు తగ్గాక కణాలు శాంతించాలి కదా, మన ఒంటిని అవే కొరుక్కు తినకూడదు కదా. మనం వాటికి అడ్డం పెడుతున్నాం కాబట్టి ఆ ప్రమాదం ఉంది."

"ఎక్కడ కరుస్తాయండి?"

"చర్మం, పేగు, కాలేయం, ఊపిరితిత్తి, థైరాయిడ్. ఎక్కడైనా కరవచ్చు. ఎప్పుడన్నది కూడా చెప్పలేం."

దానికోసం మేమిచ్చే కార్డు ఒకటుంది. ఒంటి మీద దద్దురు, ఆయాసం, కళ్ళు పచ్చబడడం, విరేచనాలు, వీటిలో ఏది మొదలైనా వెంటనే ఫోన్ చెయ్యండి అని తెలుగులోనే ఉంటుంది, కింద నా నంబరు. దాన్ని ఆయనకిచ్చి, ఒక్కొక్కటీ చదివి వినిపించాను. విరేచనాలు అన్నచోట ఆయన చూపు పక్కకి తిప్పేసుకున్నారు. ఆడపిల్ల నోట ఆ మాట వినడం ఆయనకి ఇబ్బంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

మూడు వారాలకోసారి వచ్చేవారు, రెండు బస్సులు మారి. తుఫాను వానకి దారి మునిగిన రోజున ట్రాక్టరెక్కి రోడ్డు దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఎవరి కారో పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో వార్డు గుమ్మంలో నిలబడ్డారు. చెప్పులు లేవు. విప్పడానికి చూసుకుంటే ఎక్కడో బురదలో ఉండిపోయాయని తెలిసిందట.

"రేపు రావచ్చు కదండీ, ఒక్కరోజుకి ఏమీ కాదు" అన్నాను కాళ్ళు కడిగిస్తూ.

"రెండేళ్ళు ఎక్కించాలన్నారు కదమ్మా డాక్టరు గారు. రెండేళ్ళూ ఎక్కించుకుంటాను. ఒక్కటి కూడా వదిలేది లేదు" అన్నారు. మెత్తగానే అన్నారు, కానీ ఆ మాట మీద ఇంకో మాటకి చోటు లేదు. బతకాలని అంత పట్టుగా కూర్చున్న మనిషిని నేను అరుదుగా చూశాను. చావంటే భయం అని కూడా కాదు. మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం ఆయనకి చేతకాదు, అంతే. నాలుగు డోసులయ్యాక స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. డాక్టరు గారు ఫిల్ము చూపించి చెబుతుంటే, ఆయన తలూపి, "తీసుకుంటోందని నేను చెప్పలేదాండి" అని నావైపు చూశారు.

పక్క కుర్చీల వాళ్ళకి ఆయన చెరువు పాఠాలు చెప్పేవారు. ఆ పాఠాలన్నిటిలోకీ ఆయనకి ఇష్టమైనది ఒక్కటే. "మేత వెయ్యడం ఎవడైనా వేస్తాడండి. ఆపడం తెలియాలి. మబ్బు పట్టిన రోజు ఆపాలి. రొయ్య పైపెంకు విడిచే రోజు ఆపాలి. రొయ్యకి పేగు తెల్లబడి వైట్ గట్ వస్తే, ముందు మేత ఆపేసి తర్వాత మందు సంగతి చూడాలి. ఆశ కొద్దీ వేసుకుంటూ పోతే చెరువు చెరువంతా తేలిపోద్ది." వాళ్ళ ఊళ్ళో ఎవరి చెరువులో తేడా వచ్చినా ఈయన్నే పిలుచుకెళ్ళేవారని తర్వాత విన్నాను. వెళ్ళి, ట్రే పైకి లాగి చూసి, ఆపమనేవారు. ఆయన ఆపమంటే ఆపేవారు.

తొమ్మిదో డోసు అయింది. ప్రతివాళ్ళకీ డోసు అయిన పదో రోజున నేను ఫోన్ చేస్తాను. ఆయనకీ చేశాను.

"ఎలా ఉన్నారండీ బాబాయి గారూ?"

"బాగున్నానండి. మీరు బాగున్నారా? మీ పాప స్కూలుకెళ్తోందా అమ్మా?"

వెళ్తోందండీ అని చెప్పి పెట్టేశాను. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. మా గోదావరి జిల్లాల్లో ఎలా ఉన్నారండీ అని అడిగితే, వెంటిలేటరు మీదున్నవాడు కూడా గొట్టం తీయించి మరీ బాగున్నానండి అంటాడు. అది మర్యాద. నాకు తెలుసు, నేనూ ఇక్కడ పుట్టిందాన్నే. అయినా ఆ ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు విని, టిక్కు పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత, వార్డులో బాగా రద్దీగా ఉన్నప్పుడు ఫోను మోగింది. ఆడగొంతు, బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"ఏవండీ, సిస్టర్ గారేనాండి? కార్డు మీద నంబరుంటే చేశానండి." వాళ్ళావిడ. ఆవిడ ఒకటి రెండుసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా ఒక మూల నిలబడేది, కూర్చోమంటే కూర్చునేది కాదు.

"చెప్పండి పిన్ని గారూ."

"ఆయన పెరట్లోకి వెళ్ళారండి. అందుకని చేశాను. పొద్దున్నుంచి ఇది ఏడోసారండి."

నా చేతిలో పని ఆగిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరు రోజులైందండి."

"ఆరు రోజులా! మొన్న నేను ఫోన్ చేశానే!"

"మీతో ఎలా చెబుతారండీ ఆ మాట?"

"ఏం తింటున్నారు?"

"ఏం తినట్లేదండి. మేత ఆపేశారు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "చెరువులో వైట్ గట్ వస్తే చేస్తారు కదండీ. మేత ఆపేస్తే పేగు ఖాళీ అయ్యి అదే సర్దుకుంటదన్నారు. మజ్జిగ తేట, మంచినీళ్ళు, అంతేనండి. ఊళ్ళో ఆర్ఎంపీ గారు విరేచనాలు కట్టే బిళ్ళలిచ్చారు."

"రక్తం పడుతోందా?"

"చూడనివ్వరండి నన్ను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కార్డు కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్న మనిషి! నన్ను కరవవా అని అడిగిన మనిషి! "కారు మాట్లాడండి పిన్ని గారూ, ఇప్పుడే. రానంటే నలుగురి చేత మోయించండి. నేను చెప్పానని చెప్పండి" అని అరిచాను. వార్డంతా నావైపు తిరిగింది.

మోయించే తీసుకొచ్చారు, మంచాలున్న వార్డులో చేర్చాం. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి. లోపలికి గొట్టం పంపి చూస్తే పెద్దపేగంతా పుళ్ళు. డాక్టరు గారు ఆయన పక్కన కూర్చుని చెప్పారు. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, తిండి ఆపితే తగ్గదు. ఆపే కబురందని టీ కణాలు పేగు గోడ మీద పడ్డాయి. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే పేగుకి చిల్లు పడేది. ఇప్పుడు స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఇవ్వాలి.

"అదేం చేస్తుందండి?" గొంతు లేదు, ప్రశ్న మాత్రం సూటిగానే వచ్చింది.

"కుక్కల్ని పడుకోబెడుతుంది."

"దొంగొస్తే?"

డాక్టరు గారు ఆయనకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "కొన్నాళ్ళపాటు అప్పుడు కూడా పడుకునే ఉండొచ్చు" అన్నారు.

"ఆ మందు మళ్ళీ ఎప్పుడండి?"

"ఇంక ఇవ్వలేమండీ. ఇంత తీవ్రంగా వచ్చాక మళ్ళీ ఇస్తే ప్రాణానికే ముప్పు."

"అయితే స్టెరాయిడ్ వద్దండి" అని ఆయన గోడవైపు తిరిగారు. డాక్టరు గారు నావైపు చూసి బయటికి వెళ్ళారు. అంటే నీ వంతు అని.

"ఏం బాబాయి గారూ, కార్డులో ఏం రాసుందో నేను చదివి వినిపించలేదా?"

"కరిస్తే నొప్పి ఉండాలి కదమ్మా. నొప్పి లేదు. అందుకని..."

"అందుకని?"

గోడవైపే చూస్తూ అన్నారు. "రెండో రోజే అనుమానం వచ్చిందమ్మా. చెబితే మందు ఆపేస్తారని..." అని, మెల్లగా ఇటు తిరిగి, మంచం పక్కన నిలబడ్డ వాళ్ళావిడని చూశారు. "చెప్పావూ?" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆవిడ తల వంచుకుంది.

ఆ ఒక్క మాటకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆవిణ్ణి చూస్తారేంటి, నన్ను చూడండి. ఊరందరి చెరువుల మీదకీ వెళ్ళి ఆపండి ఆపండి అని చెబుతారు. మీకేమైంది? ఆపాల్సిన మందు ఆపమనరు, ఆపక్కర్లేని తిండి ఆపుకుని కూర్చుంటారా? పేగుకి చిల్లు పడితే దొంగ రానక్కర్లేదు, వాడి పని మీరే చేసి పెట్టినట్టు. ఇది ఎక్కించుకుంటే బతుకుతారు, లేకపోతే వారంలో పోతారు. మీ ఇష్టం." పేషెంటుతో అలా మాట్లాడకూడదు. తెలుసు. మాట్లాడాను.

ఆయన చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఒక్క అంకె కూడా లేకుండా చూడడం అదే మొదటిసారి. "ఎక్కించండి" అన్నారు.

నాలుగో రోజుకి విరేచనాలు సగానికి తగ్గాయి, పన్నెండో రోజున ఇంటికెళ్ళారు. స్టెరాయిడ్ బిళ్ళలు నెమ్మదిగా తగ్గించుకుంటూ రెండు నెలల్లో ఆపారు. మందు లేదు, స్టెరాయిడ్ లేదు. ఇక గడ్డ పెరుగుతుందనే అందరం అనుకున్నాం. పెరగలేదు. ఒక స్కాన్, రెండు స్కాన్లు, మూడు. అలాగే ఉంది, కదలకుండా. అలా జరగడం ఉందని డాక్టరు గారన్నారు. ఒకసారి గడ్డని గుర్తుపట్టిన కణాల్లో కొన్ని ఆ గుర్తుని నిలుపుకుంటాయట. బాబాయి గారు దానికి వేరే వ్యాఖ్యానం చేశారు. "వాసన పట్టేశాయండి. ఇంక ఈల వేసినా నమ్మవు."

ఆ రోజుల్లో ఆయన స్కాన్‌కి వచ్చినప్పుడల్లా వార్డులోకి కూడా వచ్చేవారు. చెప్పులు బయట విప్పి, కొత్తగా ఆ మందు మొదలుపెట్టినవాళ్ళ కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఓసారి ఉంగుటూరు నుంచి ఒక కిరాణా షాపు ఆయన వచ్చాడు. తెల్లచొక్కా, బంగారు గొలుసు, పక్కన కోడలు. ఈయన పరిచయం కూడా చేసుకోకుండా, "మోషన్ ఎన్నిసార్లవుతోందండి?" అని అడిగేశారు. అదీ వార్డంతటికీ వినపడేలా. షాపాయన బిక్కచచ్చిపోయాడు. కోడలు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

"సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి పన్నెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను" అన్నారు బాబాయి గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గు ఎక్కడికీ పోలేదన్నమాట, దాన్ని పక్కకి నెట్టి మరీ మాట్లాడుతున్నారు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది ఆ రోజునే.

దాదాపు రెండేళ్ళు అలా గడిచాయి. ఆ తర్వాత గడ్డ కాలేయంలో లేచింది. పాత మందు ఇవ్వడానికి లేదు. కీమో ఇచ్చాం, ఒళ్ళు తీసుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళిపోతామన్నారు. ఆయన కుర్చీ అంచునే కూర్చుని, డాక్టరు గారికి దణ్ణం పెట్టి, నాతో "పాపని బాగా చదివించండమ్మా" అని చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత వచ్చింది చావు కబురే.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. దారి పొడుగునా చెరువులే, ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, గట్ల మీద గూడబాతుల్ని బెదరగొట్టే మందుగుండు చప్పుడు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆవిడ ఒక్కతే ఉంది. గోడ మీద ఫొటోలో ఆయన కుర్చీ అంచునే కూర్చుని ఉన్నారు, ఎవరు తీశారో. టీ ఇచ్చింది. మా వార్డులో ఎప్పుడూ కూర్చోని మనిషి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"మిమ్మల్ని ఒకటి అడగాలని ఉందండి. డాక్టరు గారినైతే అడగలేను."

"అడగండి పిన్ని గారూ."

"పోయేముందు పది రోజులు బాగా బాధపడ్డారండి. ఓ రోజు మంచినీళ్ళు తాగిస్తుంటే గ్లాసు తోసేసి, 'ఆ రోజు నువ్వు ఫోన్ చెయ్యకపోతే మందు ఆగేది కాదు, ఇది మళ్ళీ లేచేది కాదు' అన్నారండి." ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పోయారు. నిజమేనాండి? నేను ఫోన్ చెయ్యడం వల్లేనాండి?"

ఇలాంటి ప్రశ్నకి మా ఉద్యోగంలో తయారుగా ఒక జవాబుంటుంది. అలా అనుకోకండి, అంతా దైవనిర్ణయం, మీరు చెయ్యాల్సింది చేశారు. ఆ జవాబు నోటి చివరిదాకా వచ్చింది కూడా. అది చెబితే ఆవిడ తలూపుతుంది, నన్ను బస్సు దాకా సాగనంపుతుంది, రాత్రికి మళ్ళీ అదే మాట పట్టుకుని కూర్చుంటుంది. ఆ ఫొటో ముందు, ఆయన ఇంట్లో, ఆయన గురించి చెడ్డమాట అనకుండా ఆవిణ్ణి ఆ మాట నుంచి తప్పించే దారి నాకు కనపడలేదు.

"కాదండి. మీరు ఆ రోజు ఫోన్ చెయ్యకపోతే ఆయన ఆ వారంలోనే పోయేవారు. మీరు చేశారు కాబట్టి రెండేళ్ళున్నారు. మందు ఆగింది మీవల్ల కాదు. మొదటి రోజే, రెండో రోజే ఆయన నోరు విప్పి చెప్పుంటే, తేలిగ్గా ఉండగానే తగ్గించేవాళ్ళం. తగ్గాక మందు మళ్ళీ మొదలుపెట్టే వీలుండేదేమో కూడా. ఆరు రోజులు దాచారు. దాచింది ఆయన. తప్పు ఆయనది పిన్ని గారూ. అది తెలిసి కూడా ఆ మాట మిమ్మల్నన్నారు చూశారా, అది ఇంకో తప్పు."

ఆవిడ మొహం గట్టిపడింది. "పోయినాయన్ని అలా అనకండి" అంది.

"అన్నాను" అన్నాను.

ఆవిడ లేచి నా టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గ్లాసు కడుగుతున్న చప్పుడు వినపడింది. ఎంతసేపటికీ రాలేదు. తొందరపడ్డానేమో, వెళ్ళిపోదామా అనుకుంటూ బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. అప్పుడు వచ్చింది. గుమ్మం పట్టుకుని, ఫొటోవైపు చూడకుండా నిలబడింది.

"ఇందాక ఏమన్నారో, ఇంకోసారి చెప్పండమ్మా."

బ్యాగు కింద పెట్టి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.